ఇంటి లెక్కలు: 24 మాటల కాగితము



గుంటూరు మండలమునుండి యొక సోదరి వ్రాసిన యుత్తరము నా యెదుట నున్నది. వారి కుమారుడు అమెరికాలోని టెక్సాసు రాష్ట్రమున నుద్యోగము చేయుచున్నాడు. సంక్రాంతికి వచ్చి తిరిగి పోవునప్పుడు తల్లిచేతిలో బొటనవ్రేలంత చిన్న యంత్రమును, మడిచిన యొక కాగితమును బెట్టి, "అమ్మా, ఈ రెండింటిని జాగ్రత్తగా దాచు. ఎవరికిని చూపకు" అని చెప్పి విమాన మెక్కినాడట. ఆమె యంత్రమును నగలపెట్టెలో బెట్టి బీరువాకు తాళము వేసినారు. కాగితమును మాత్రము పంచాంగములో నుంచినారు. "అది యంత్రముతో వచ్చిన చీటీ యనుకొంటిని. దానిమీద ఇంగ్లీషు మాటలు వరుసగా నున్నవి. ఒకదానికి నొకదానికి పొందిక లేదు. ఉగాదికి క్రొత్త పంచాంగము వచ్చినపుడు పాతదానితోబాటు దానిని గూడ తీసివేయవచ్చునా?" అని యడిగినారు.

అమ్మా, తీసివేయవలదు. నగలపెట్టెలో నుండవలసినది ఆ కాగితమే. యంత్రము పంచాంగములో నున్నను అంత చిక్కు లేదు. ఇటువంటి ప్రశ్న మఱికొందఱు తల్లులకు గూడ గలిగియుండును గావున ఈ నెల శీర్షిక నంతయు దీనికే కేటాయించితిని.

ఆ యంత్రమును హార్డువేర్ వాలెట్టు అందురు. వాలెట్టు అనగా డబ్బుసంచి. ఈ పేరు పెట్టినవారెవరో గాని మనకు మేలు చేయలేదు. ఏలయన ఆ సంచిలో డబ్బు లేదు. బిట్‌కాయిను మొదలగువానిని క్రిప్టోకరెన్సీ యనుచున్నారు. బిట్‌కాయిను 2009 జనవరిలో మొదలైనది. అది చేతబట్టుకొను నాణెము కాదు, లెక్కపుస్తకములోని పద్దు. ఆ పుస్తకము ఒక బ్యాంకువారి యధీనమున లేదు. లోకమందలి వేలకొలది కంప్యూటర్లలో నదే పుస్తకము నిలిచియున్నది. ఫలానా ఖాతాలో నింత యున్నదని యెవరైనను చూడవచ్చును. కాని అందులోనుండి యొక కాసైనను కదల్చుటకు నొక రహస్యసంఖ్య కావలెను. ఆ సంఖ్య యెవరియొద్ద నున్న వారే యజమానులు. ఆ పుస్తకము పేరడుగదు, ముఖము చూడదు, వేలిముద్ర కోరదు. సంఖ్య పోయినదని మొఱపెట్టుకొందమన్న వినుటకు మేనేజరు లేడు.

యంత్రముయొక్క పని ఆ సంఖ్యను దనలో దాచుకొనుట. ముద్రటుంగరము గల పెద్దమనిషి ఉంగరము నెవరి చేతికిని ఈయక, కాగితమునే తనయొద్దకు దెప్పించుకొని ముద్రవేసి పంపునట్లు, ఈ యంత్రము గూడ కంప్యూటరునుండి చీటీని లోనికి దీసికొని, సంతకము చేసి, ఆ సంతకమును మాత్రమే వెలుపలికి బంపును. సంఖ్య వెలుపలికి రాదు. కంప్యూటరులో నెన్ని పురుగులున్నను దానిని చూడలేవు. ఇట్టి యంత్రములలో మొదటగా నమ్మకమునకు వచ్చినది ట్రెజర్ అనునది. ప్రాగు నగరమువారు 2014లో దానిని వెలువరించినారు. అదే యేట పారిసులో లెడ్జర్ కంపెనీ యేర్పడినది.

ఇంత శ్రమయేల, కొన్నచోటనే యుంచరాదా యని యడుగుదురు. కొన్నచోటనగా ఎక్స్ఛేంజి. అచ్చట సంఖ్య వారియొద్ద నుండును. మనకుండునది వారి మాట. 2024 జూలై 18వ తేదీన మన దేశములోని వజీర్‌ఎక్స్ అను ఎక్స్ఛేంజినుండి సుమారు 23 కోట్ల డాలర్ల విలువగల సొత్తు దొంగల పాలైనది. ఖాతాదారులు సంవత్సరమునకు పైగా తమ సొత్తును తాము తీసికొనలేకపోయినారు. ఇంట నుంచుకొన్నచో ఆ భయము పోవును. అయితే దాని స్థానమున వేఱొక భయము వచ్చును. అచ్చట వారి యజాగ్రత్త మనలను ముంచును. ఇచ్చట మన యజాగ్రత్తయే ముంచును.

ఇక కాగితము సంగతి. రహస్యసంఖ్య మిక్కిలి పొడవైనది. చేతితో వ్రాసినచో నొక అంకె తప్పక తప్పదు. అందుచేత 2013లో కొందఱు నిపుణులు 2,048 సులభమైన ఇంగ్లీషు మాటల పట్టిక నొకదానిని గూర్చి, ఏ సంఖ్యనైనను అందులోని 12 గాని 24 గాని మాటలుగా మార్చు విధానమును కల్పించినారు. పట్టికలో మొదటి మాట 'అబాండన్', కడపటిది 'జూ'. మాటలు, వాని వరుస రెండును సరిగా నున్నచో యంత్రము పగిలినను, కాలినను, నూతిలో పడినను, క్రొత్త యంత్రము కొని ఆ మాటలను దానిలో వ్రాయగానే సొత్తంతయు మరల మన చేతికి వచ్చును. ఆ మాటలు పరుల కంట బడినచో వారికి మన యంత్రముతో బనియే లేదు. తమ యంత్రములో వ్రాసికొని తమ యింటనుండియే ఖాళీ చేయుదురు.

ఆ పట్టికను ఫ్రెంచి, స్పానిషు, జపాను మొదలగు మఱికొన్ని భాషలలో గూడ గూర్చినారు గాని తెలుగులో గూర్చలేదు. ఇంగ్లీషు వ్రాత యలవాటులేని సోదరీమణులు మాటలను విని తెలుగక్షరములలో వ్రాసికొందమందురేమో; అట్లు చేయరాదు. ధరించుట యను నర్థముగల 'వేర్', ఎక్కడ యను నర్థముగల 'వేర్' రెండును ఆ పట్టికలో నున్నవి. తెలుగున రెండును ఒక్కటే యగును. ఇంగ్లీషున అక్షరములు వేఱు. కావున తెరమీద నున్న అక్షరములను ఉన్నవి యున్నట్లు దింపుకొనవలెను. ప్రతిమాటకు మొదటి నాలుగక్షరములు స్పష్టముగా నున్నచో చాలును. ఆ నాలుగింటిలో నే రెండు మాటలును గలియకుండునట్లు పట్టికను గూర్చినారు.

మా పెదతండ్రిగారి కుమారుడు 2021లో కోవిడు జబ్బుచేత పోయినాడు. ఆయన యిట్టివి కొన్నాడని వదినగారికి తెలియును. ఎంత, ఎచ్చట అనునది తెలియదు. రెండు నెలల తరువాత ఆయన ఆఫీసుసంచిలో నా యంత్రము దొరకినది. వదినగారు దానిని కంప్యూటరుకు తగిలింపగా నది పిన్ అడిగినది. ఆయన పుట్టిన సంవత్సరము వేసినది, కాదన్నది. పెండ్లియైన సంవత్సరము, కాదన్నది. అమ్మాయి పుట్టిన సంవత్సరము వేయగానే యంత్రము తన్నుతాను చెఱిపివేసికొన్నది. కొన్ని యంత్రములు 3 తప్పులకు, కొన్ని 16 తప్పులకు అట్లు చేయును. దొంగ చేతిలో బడినపుడు రక్షించుటకై యేర్పఱచిన కట్టడి అది. ఆ రాత్రి వదినగారు నాకు ఫోను చేసి, "నా చేతులతో నేనే పోగొట్టితిని" అని యేడ్చినది. నాకును అప్పుడు తెలియదు. నేనును ఆమెతో గూడ విచారించి యూరకుంటిని.

తరువాత వారి అమ్మాయి తెలిసికొని చెప్పినది: యంత్రము చెఱిగినందున పోయినదేమియు లేదు, 24 మాటల కాగితమున్న చాలునని. ఇల్లంతయు వెదకినారు. పెద్దదినము గడచిన పిదప, చూచినప్పుడెల్ల దుఃఖము వచ్చుచున్నదని ఆయన ఆఫీసు కాగితములు రెండు గోనెలు పాతకాగితములవానికి తూచి యిచ్చివేసినారు. మాటల కాగితము వానిలో నుండెనో లేదో యెవరికిని తెలియదు. వదినగారు చేసిన తప్పు లేదు. ఇంటిలో నిట్టి కాగితమొకటి యుండునని ఆమెతో నెవరును చెప్పలేదు. అన్నగారి జాగ్రత్త అంతయు దొంగలను గుఱించినదే; భార్యను గుఱించి యొక్క మాట తలచియుండిన బాగుండెడిది. చెఱిగిన ఆ యంత్రము నేటికిని ఆమె సొరుగులో నున్నది.

ఇట్టి యంత్రమును క్రొత్తగా నేర్పఱచుకొనువారికి, లేదా ఏర్పఱచుచున్న బిడ్డలప్రక్కన గూర్చుండి చూచువారికి, తెలియవలసినది వ్రాయుచున్నాను. యంత్రమును తయారుచేసినవారియొద్దనే గాని, తమ విక్రేతలని వారు ప్రకటించినవారియొద్దగాని క్రొత్తది కొనవలెను. సగము ధరకు వచ్చినదని ఇతరులు వాడినది కొనరాదు. పెట్టె విప్పగానే మాటలు ముందే వ్రాసిన చీటీగాని, మీ పిన్ ఇదియను కాగితముగాని అందులో నున్నచో ఆ యంత్రమును వాడక ప్రక్కన బెట్టవలెను. మాటలు యంత్రపు తెరమీద మన కన్నులయెదుట పుట్టవలెను. దానికి గావలసిన యాప్‌ను గూగులులో వెదకునపుడు పైన కనబడు ప్రకటనను నొక్కి దింపుకొనరాదు. తయారీదారుల వెబ్‌సైటు చిరునామాను మనమే యక్షరమక్షరము టైపుచేసి అచ్చటనుండి తీసికొనవలెను. 2023 నవంబరులో మైక్రోసాఫ్టువారి దుకాణములోనే లెడ్జర్ పేరుతో నొక దొంగయాప్ చేరి పలువురి సొత్తు నపహరించినది. యంత్రము అసలైనదా కాదా యని పరీక్షించు నేర్పాటు సరియైన యాప్‌లో నుండును. దానిని తప్పక జరిపించవలెను.

పిమ్మట పిన్ పెట్టుకొనుట. పుట్టినరోజులు, పెండ్లిరోజులు వలదు. తరువాత మాటలు తెరమీదికి వచ్చును. ఆ సమయమున గదిలో మనము తప్ప వేఱొకరు ఉండరాదు. సెల్ ఫోను గూడ ప్రక్కగదిలో నుండుట మేలు. బిగ్గఱగా చదువరాదు. 1 మొదలు 24 వఱకు అంకెలు వేసి వ్రాసికొనవలెను. ఫోటో తీయరాదు. వాట్సాపులో బిడ్డలకు బంపరాదు. కంప్యూటరులో టైపు చేసి యుంచరాదు. ఫోటో తీసినదానిని వెంటనే తుడిచివేసితిమని యందురు. అంతలోనే యది మన ఫోనునుండి ఏ కంపెనీవారి కొట్టులోనికో నకలు పోయియుండవచ్చును.

వ్రాసిన వెంటనే పెద్దసొమ్ము వేయరాదు. క్రొత్తకుండలో మొదట నీరు పోసి చూతుము గదా. ఐదువందల రూపాయల విలువగలది మాత్రము ఆ ఖాతాలోనికి బంపించుకొని, యంత్రమును మనమే కావలెనని చెఱిపి, కాగితముమీది మాటలను మరల దానిలో వ్రాయవలెను. మాటలను యంత్రములోనే వ్రాయవలెను, కంప్యూటరులో గాదు. ఆ ఐదువందలు మరల కనబడినచో కాగితము సరియైనది. ఈ పరీక్షను నూటికి తొంబదిమంది చేయరని నా యనుమానము. సొత్తు పోయిన పిదప కాగితములో తప్పు వెదకుటకన్న ఈ అరగంట శ్రమ మేలు.

సొమ్ము తెప్పించుకొనునపుడును పంపునపుడును ఖాతా చిరునామాను యంత్రపు చిన్నతెరమీద చూచి సరిపోల్చుకొనవలెను. కంప్యూటరు తెర అబద్ధము చెప్పగలదు. మనము నకలు తీసిన చిరునామాను మార్చి దొంగది యుంచు పురుగులున్నవి. 2025 ఫిబ్రవరి 21వ తేదీన బైబిట్ అను ఎక్స్ఛేంజివారికి సుమారు 150 కోట్ల డాలర్లు పోయినది ఇట్టి మోసముచేతనే. సంతకము చేయు పెద్దలకు కంప్యూటరుమీద కనబడినది యొకటి. వారు ఒప్పుకొని సంతకము చేసినది వేఱొకటి. అంతటి సంస్థకే యట్లు జరిగినది. తెరమీద నర్థముగాని గుర్తులు వచ్చినచో కాదను మీట నొక్కి యూరకుండుడు. దానిచేత సొమ్మేమియు పోదు.

దొంగలు యంత్రమును పగులగొట్టుటకన్న మనుష్యులను మాటలతో లొంగదీయుటనే యెక్కువగా నమ్ముకొందురు. 2020లో లెడ్జర్ కంపెనీవారి కొనుగోలుదారుల చిట్టా బయటివారి పాలైనది. యంత్రములకు హాని లేదు. కాని సుమారు 2,70,000 మంది పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోను నంబరులు ఆ డిసెంబరులో బహిరంగమైనవి. 2021లో వారిలో కొందఱికి అడుగకయే క్రొత్తయంత్రములు తపాలాలో వచ్చినవి. పాతవి క్షేమముగావు, దీనిని వాడుడని కంపెనీవారి పేర నుత్తరము. మాటలను అందులో వ్రాసినచో దొంగకు జేరునట్లు లోపల మార్పు చేసినారు. కావున తపాలాలో గాని, ఫోనులో గాని, పోలీసుదుస్తులు ధరించి వీడియోలో కనబడి గాని, ఎవరు ఆ 24 మాటలను అడిగినను వారు దొంగలే. నిజమైన కంపెనీవారికి వానితో బనిలేదు. కుమారుని గొంతుతోనే యడిగినను ఫోను పెట్టివేసి, మీరు ఎఱిగిన నంబరుకు మీరే మరల ఫోను చేయుడు. గొంతును ననుకరించు విద్య యిప్పుడు మిక్కిలి పెరిగినది.

కాగితమును దాచుటలో మన యిండ్లకు తగిన జాగ్రత్త యవసరము. చెదలున్నవి, వానకాలపు చెమ్మ యున్నది. సిరా తడికి పారును. పెన్సిలు వ్రాత పారదు. ఎక్కువ సొత్తున్నవారు ఉక్కురేకుమీద అక్షరములను గొట్టి యుంచుకొందురు. నిప్పుకు నీటికి గూడ ఆగును. పెండ్లికి పెట్టు గిన్నెలమీద పేర్లు చెక్కించు నలవాటు మనకున్నది గనుక, పాత్రల దుకాణమునకు బోయి చెక్కించి తెత్తమని యెవరైనను బయలుదేరుదురేమో! చెక్కువాని కంట బడిన మాటలు వాని సొత్తే. ఇంటనే సుత్తితోను అక్షరముల పోగరులతోను కొట్టుకొనవలెను.

ఒక ప్రతి యింట, ఒక ప్రతి బ్యాంకులాకరులో నున్న చాలును. సగము మాటలు ఒకచోట, సగము మఱొకచోట నుంచుట తెలివియని కొందఱందురు. ఏ సగము పోయినను అంతయు పోవును, దొరకిన సగము దొంగకు పనిని తగ్గించును. మూడు భాగములు చేసి ఏ రెండైనను చాలునట్లు యంత్రమే పంచియిచ్చు విధానము ట్రెజర్‌లో నున్నది. అట్లు కావలసినవారు దానినే వాడవలెను గాని స్వయముగా ముక్కలు చేయరాదు. 25వ మాటయని యింకొక ఏర్పాటు గలదు. 24 మాటలకు తోడుగా మన యిష్టమువచ్చిన మాట నొకదానిని చేర్చుకొందురు. అది మఱచినచో 24 మాటలున్నను ఫలము లేదు. కొత్తవారికి నేను దానిని సలహా యీయను.

మరణానంతరపు సంగతి వ్రాయుటకు సంకోచపడను, వదినగారిని చూచినదానను. మాటలను వీలునామాలో వ్రాయరాదు. దానిని పలువురు చదువుదురు. వేఱొక యుత్తరము వ్రాసి, యంత్రమెచ్చట, కాగితమెచ్చట, పిన్ ఎవరికి తెలియును, ఈ విద్య తెలిసిన నమ్మకస్తుడెవరు అనునంతవఱకు చెప్పి, మాటలు మాత్రము అందులో వ్రాయక, భార్యకో తల్లికో ఈయవలెను. దాని సంగతి పెండ్లిపందిళ్ళలో చెప్పుకొనరాదని వేఱుగ చెప్పనక్కఱలేదు.

ప్రభుత్వపు సంగతి కొద్దిగా. మన దేశమున నిది చెలామణి నాణెము కాదు. బ్యాంకులు ఇట్టివారితో వ్యవహరింపరాదని రిజర్వుబ్యాంకు 2018లో నిచ్చిన యుత్తరువును 2020 మార్చి 4న సుప్రీముకోర్టు కొట్టివేసినది. 2022 ఏప్రిల్ 1 నుండి దీనిమీది లాభమునకు నూటికి 30 చొప్పున పన్ను. ఒకదానిలో వచ్చిన నష్టమును వేఱొకదాని లాభములో తగ్గించుకొననీయరు. యంత్రములో దాచినంతమాత్రమున పన్ను తప్పదు. అమ్మునప్పుడు ఆడిటరు నడుగవలెను. ఇక కొనుమని నేనెవరికిని చెప్పుటలేదు. దీని ధర ఏడాదిలో సగమునకు పడిన సందర్భములు కలవు. ఇంటిఖర్చుకు, ఆడపిల్ల చదువునకు దాచిన సొమ్మును ఇందులో పెట్టుట నాకు సమ్మతము గాదు. బిడ్డలు కొని మనచేతిలో పెట్టినప్పుడు దానిని కాపాడుట వేఱుమాట.

గుంటూరు సోదరికి: నేడే ఆ కాగితమును పంచాంగమునుండి తీసి, కవరులో బెట్టి, నగలపెట్టెలో నుంచుడు. యంత్రమును దానితో గలిపి యుంచక వేఱొక సొరుగులో బెట్టుడు. దానిని ఫోటోతీసి అబ్బాయికి చూపి, ఇదేనా యని యడుగవలదు. ఆదివారమునాడు అతడు ఫోను చేసినపుడు నాలుగు సంగతులడుగుడు: ఈ మాటలను యంత్రములో మరల వ్రాసి పరీక్షించినాడా, రెండవ ప్రతి యెచ్చట నున్నది, 25వ మాట యేమైన గలదా, కోడలికి ఇది తెలియునా. కడపటిదానికి లేదన్నచో ఆమెను గూడ ఫోనులోనికి బిలిచి, ఇటువంటి కాగితమొకటి మీ యింట నున్నదని మీ యెదుటనే చెప్పించుడు. మాటలు చెప్పనక్కఱలేదు. పంచాంగములో ఇంకే చీటీలున్నవో, ఉగాదినాడు పుటపుటయు విదిలించి చూచిన పిదపనే పాతదానిని తీసివేయుడు.